ముట్టని ముద్ద

మా ఇంట్లో ఈగలకు పిండి కలిపేవాళ్లం. ఈగలంటే తేనెటీగలే. వేయించిన సోయా పిండి, పుట్నాల పిండి, పాల పొడి, కాస్త ఈస్టు పొడి, అన్నీ జల్లించి, చక్కెర పాకం పోసి చపాతీ పిండి కంటే మెత్తగా పిసకాలి. పోయిన ఎండాకాలం పిసికి పిసికి నా కుడి మణికట్టు పోయింది. వారమంతా తాండూరులో బండల పాలిష్ యూనిట్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని బిల్లులు కొడతాను. పొద్దున వికారాబాద్‌లో రైలెక్కి, సాయంత్రం మళ్లీ రైలెక్కి, సగం రోజులు నిలబడే ఇల్లు చేరతాను. చీర కుచ్చిళ్లలోంచి, జడలోంచి బండల దుమ్ము రాలుతుంది. దొరికే ఒక్క సెలవు రోజూ ఆ పిండి గిన్నె ముందు గడిస్తే ఎవరి మీదైనా కోపం రాదా? నాకు అందరి మీదా వచ్చేది. అందరికంటే ఎక్కువగా చనిపోయిన మా ఆయన మీద వచ్చేది.

అత్తమ్మ గోడకు చేరగిలబడి పుట్నాలు చెరుగుతూ అనేది, "గిట్ల కమ్మగ ఏంచిన పిండిల ఇంత కారం, నాలుగు ఎల్లిపాయలు దంచి ఏస్తే మనమే దిందుము గదనే. గా ఈగలకు ఏం సోకు."

"నీ కొడుకునే అడుగాల్సింది, అత్తమ్మా."

"అడిగిన. తేనె అన్నమైతే పుప్పొడి పప్పే అమ్మా, పప్పు లేకుంట పిల్లలు ఎట్ల ఎదుగుతరు అన్నడు."

నాకూ ఆ మాటే చెప్పేవాడు. కంది పండే మా వైపు ఎవరికైనా పప్పుతో పోల్చి చెబితేనే ఎక్కుతుంది. పూల నుంచి తేనె రాకపోతే చక్కెర నీళ్లు పెట్టి ఎలాగో బతికించవచ్చు. కానీ పెట్టెలో ఉన్న పిల్ల పురుగులు ఎదగాలంటే పుప్పొడి కావాల్సిందే. మామిడి పూత అయిపోయి, వేప పూత, కానుగ పూత రాలిపోయాక మళ్లీ కంది చేలు పచ్చగా పూసేదాకా మా దగ్గర పుప్పొడి దొరకదు. ఆ మధ్య నెలల్లో దానికి బదులుగా ఈ పిండిముద్ద పెట్టాలి. పెట్టెలో ఈగలు పట్టు కట్టే చెక్క ఫ్రేముల మీద, సరిగ్గా పిల్ల ఉన్న చోటికి పైన పెట్టి మూత వేయాలి. ఈగలు కింది నుంచి వచ్చి కొరికి తింటాయి. తింటే పిల్ల నిలుస్తుంది. తినకపోతే రాణి పెట్టిన గుడ్లు పెట్టినట్టే వృథా అవుతాయి. ముసలి ఈగలు ఒక్కొక్కటే రాలిపోతాయి. చివరికి చెక్క పెట్టె మిగులుతుంది.

వాటికీ నాకూ మొదటి నుంచీ పడదు. మా ఆయనకు వికారాబాద్‌లో మోటర్ల రిపేరు దుకాణం ఉండేది. ఎక్కడో శిక్షణకు పోయి నాలుగు పెట్టెలు తెచ్చి, ధారూర్ దగ్గర మా మామిడి తోటలో పెట్టాడు. అవి పెరిగి తోటంతా పరుచుకున్నాయి. దుకాణంలో గిరాకీ నిలబడి ఉంటే ఈయన తోటలో రాణిని వెతుకుతూ ఉండేవాడు. నన్ను ఈగ కుట్టిన ప్రతిసారీ ఈగ మీద జాలిపడేవాడు. కుట్టిన ఈగ చచ్చిపోతుంది కదా, అందుకట. వాచిన నా చెంప కనిపించేది కాదు.

పోయిన చలికాలం దుకాణంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. దాని గురించి నాకు రాయబుద్ధి కాదు. కానీ మూడో రోజు సంగతి చెప్పకపోతే నేను ఈ పిండి ఎందుకు పిసికానో మీకు అర్థం కాదు.

మూడో రోజు మా వైపు పిట్టకు పెడతారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో పెట్టి, అందరూ దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టిందంటే ఆ మనిషికి ఏ ఫికరూ లేదని. ముట్టకపోతే ఏదో మనసులో మిగిలిపోయిందని. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకు వచ్చి, నీ ఫలానా పని మేం చూసుకుంటాం అని మాటివ్వాలి. ఏ మాట దగ్గర కాకి దిగితే అదే అతని ఫికరు అన్నమాట.

ఆ రోజు కాకులు చెట్టు మీద ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు. మా మరిది, "అన్నా, బిడ్డ సదువు సంగతి నేను జూసుకుంట" అన్నాడు. మా బిడ్డ హైదరాబాద్‌లో నర్సింగ్ చదువుతోంది. కాకి కదల్లేదు. "అమ్మను మంచిగ జూసుకుంటం" అన్నారు. కదల్లేదు. దుకాణం, బోరు, గట్టు తగాదా, అన్నిటికీ మాటలు ఇచ్చారు. ఎండెక్కింది. వచ్చినవాళ్లలో చంటిపిల్లలున్నారు, షుగర్ ఉన్నవాళ్లున్నారు, అందరికీ ఆకలిగా ఉంది. ఆ విస్తరి ముట్టనిదే ఎవరూ తినకూడదు. నేను మూడు రోజులుగా పడుకోలేదు. నిలబడలేక కింద కూర్చున్నాను.

అత్తమ్మ నా భుజం పట్టుకుంది. "బిడ్డా, గా పెట్టెల మాట జెప్పు. వాని పానమంతా అండ్లనే ఉన్నది."

నాకు ఆ క్షణంలో బాధ కూడా లేదు. అలసట ఒక్కటే ఉంది. "సరే, పెట్టెలు నేను జూసుకుంట, తినిపో" అన్నాను.

కాకి దిగింది.

ఎవరో ఏడ్చారు, ఎవరో నవ్వారు. "జూసినవా వదినా, నీ మాట కోసమే ఆగిండు" అన్నాడు మరిది. అందరూ అన్నాలకు కూర్చున్నారు. నేను మాత్రం ఆ రోజు నుంచీ ఇరుక్కుపోయాను. కాకికి ఆకలేసింది కాబట్టి దిగిందని నాకు తెలుసు. తెలిసీ ఏం లాభం? తోట గేటు దగ్గర కనిపించిన ప్రతి ఒక్కరూ, పెట్టెలు మంచిగున్నయా అమ్మా అని అడిగేవారు. ఊరికి ఊరే నా మాటకు సాక్షి.

వేప పూత ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఎండలు ముదిరాక పెట్టెల బరువు తగ్గింది. పిండిముద్ద పెట్టే కాలం వచ్చిందని మా ఆయన మాటలు గుర్తు చేసుకుని మొదలుపెట్టాను. సగమే గుర్తుంది. బతికి ఉండగా చెబుతుంటే ఎప్పుడు సరిగ్గా విన్నాను గనుక! ముద్దలు చేసి, ధారూర్ బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో తోటకు పోయి, ముఖానికి జాలీ తొడుక్కుని ఒక్కో పెట్టెలో పెట్టి వచ్చాను. తర్వాతి వారం మూత తీసి చూస్తే పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వడగాడ్పుకు ఎండిపోయి తాండూరు బండల్లా తయారయ్యాయి, పాలిష్ పట్టడం ఒక్కటే తక్కువ.

ఇంటికి రాగానే అత్తమ్మ గుమ్మంలోనే అడిగింది, "ముట్టినయా?"

"ముట్టలే."

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గానీ ఎలాంటి మాట అన్నానో తెలియలేదు. అత్తమ్మ మొహం చూసి తెలిసింది. ఆమె లోపలికి పోయి పడుకుంది. తర్వాతి వారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. తినలేదు అనొచ్చు, కొరకలేదు అనొచ్చు. మా ఇద్దరికీ వేరే మాటే దొరకలేదు. మూత ఎత్తిన ప్రతిసారీ చలికాలం నాటి విస్తరి ముందే నిలబడినట్టుండేది.

పుప్పొడి కోసం అవి ఎంత కరువులో ఉన్నాయో తెలియనిది కాదు. పక్క చేను ఆయన ఒకరోజు బస్టాండులో పట్టుకున్నాడు. "మీ ఈగలు మా బర్రె తవుడు తొట్టిల పొర్లుతున్నయమ్మా. బర్రె మూతి పెట్టనిస్తలేవు." నిజమే, పుప్పొడి దొరకనప్పుడు ఏ పొడి కనిపిస్తే దాన్ని కాళ్లకు అంటించుకుని మోసుకొస్తాయి. అత్తమ్మతో చెబితే, "బర్రె తవుడు దింటయి గని నువ్వు జేసింది మాత్రం ముట్టవు" అంది. నాకు ఒళ్లు మండింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పెట్టెలు వాటంతట అవే పోతే బాగుండునని నేను కోరుకున్నాను. రైల్లో నిలబడి, కడ్డీ పట్టుకుని కళ్లు మూసుకున్నప్పుడు అదే అనుకునేదాన్ని. నేను పెట్టాను, అవి తినలేదు, నా తప్పేముంది? మాట తప్పినట్టూ కాదు. ఆదివారం నాది నాకు దక్కుతుంది. ఒక్క రోజు కంటినిండా నిద్రపోతే చాలనిపించేది.

ఆ ఆశతోనే దుకాణంలో పనిచేసిన మనిషి దగ్గర నంబరు తీసుకుని, సేడం వైపు నుంచి పెట్టెలు తిప్పే ఆయనకు ఫోన్ చేసి, మావీ తీసుకుపొమ్మన్నాను. పొద్దుతిరుగుడు పూసే చోట, కుసుమ పూసే చోట లారీలో పెట్టెలు దించుకుంటూ తిరిగే మనిషి. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడతాడు. తోటకు వచ్చి నాలుగైదు పెట్టెలు తెరిచి, ఫ్రేములు వెలుతురుకు ఎత్తి చూశాడు.

"పిల్ల లేదమ్మా" అన్నాడు. "రాణి ఉన్నది, గుడ్డు పెడ్తున్నది. పిల్లను మేపెటందుకు మేత లేదు. గిట్లనే తీస్కపోతే దారిలనే ఒడుస్తయి."

"ఉత్తగనే తీస్కపో అంటున్న గదన్నా."

"ఉత్తగ ఇచ్చినా సచ్చెటియి ఏం జేసుకోవాలె? పిల్ల పట్టనియ్యిరి, ఫోన్ జెయ్యిరి, వస్త."

అంటే వాటిని వదిలించుకోవాలన్నా ముందు నేను వాటిని బతికించాలి. ఇంతకంటే పాడు లెక్క ఇంకోటి ఉండదు. ఇంటికి వచ్చి ఏడుపు మింగుకుని పిండి జల్లెడ పట్టాను. ఆ మనిషి వచ్చిన సంగతి ఎలా తెలిసిందో అత్తమ్మకు తెలిసింది.

"మాటిచ్చినవ్ గద బిడ్డా" అంది. గట్టిగా అనలేదు. అరిచినా బాగుండేది.

"ఇచ్చిన. అయితే నన్నేం జెయ్యమంటవ్? గంటలకొద్ది పిసికి పెడ్తున్న. తింటలేవు. తినిపియ్యనీకి నాకు శాతనైతలేదు."

అత్తమ్మ కాసేపు నా చేతుల వంక చూసింది. "ఈ ఐతారం నేను గూడ వస్త" అంది.

కొడుకు పోయినప్పటి నుంచీ ఆమె తోట వైపు రాలేదు. మోకాళ్ల నొప్పులు. బస్సు మెట్టు ఎక్కించడానికి నేనూ కండక్టరూ ఇద్దరం కావాల్సివచ్చింది. ఆటోలో చంకలో ఒక సంచి పెట్టుకుని, ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకుని కూర్చుంది. మందులేమో అనుకున్నాను.

తోటలో ఈగలు నెమ్మదించడానికి పిడక ముక్కలు వెలిగించి పొగ డబ్బా సిద్ధం చేశాను. జాలీ ఇవ్వబోతే వద్దంది. మొదటి పెట్టె మూత తీశాను. ముద్ద ఎక్కడిదక్కడే ఉంది. ఒక మూలన చీమలు పట్టాయి. ఫ్రేముల సందుల్లో ఈగలు పలచగా, సంత అయిపోయాక మిగిలిన మనుషుల్లా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

అత్తమ్మ కొంగు తల మీదికి లాక్కుని పెట్టె ముందు నిలబడింది. నాతో మాట్లాడుతోందనుకున్నాను. నాతో కాదు.

"కొడుకా, ఇనవడ్తుందా? నీ పెండ్లాం అలిసిపోయిందిరా. తాండూర్ల జేస్తది, ఇంట్ల జేస్తది, ఈడికొచ్చి జేస్తది. దాని చేతులు జూసినవా? గా దినం అది నిలవడలేక కూసుంటే నేనే గా మాట అనిపిచ్చిన. అందరికి ఆకలైతుందని అన్నది గని, మనసుల అనుకోని అనలే. గా మాట ఇప్పుడు నా మీద ఏసుకుంటున్న. దాన్ని ఇడిసిపెట్టు. నీ పెట్టెలు నేను జూసుకుంట."

ఆయన పోయాక నన్ను చాలామంది చాలా అడిగారు. పింఛను వచ్చిందా, దుకాణం ఏం చేస్తావు, పెట్టెలు ఎలా ఉన్నాయి. నువ్వు అలిసిపోయావా అని ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా నన్ను అడగలేదు, చచ్చిపోయిన కొడుకుకు చెప్పింది. నేను అక్కడే నిలబడి ఏడ్చాను. పొగకు కళ్లు మండాయని చెప్పుకోవడానికి కూడా లేదు, నా చేతిలోని పొగ డబ్బా అప్పటికే ఆరిపోయింది. అత్తమ్మ నా వైపు తిరగలేదు. నన్ను ఏడవనిచ్చింది.

తర్వాత సంచిలోంచి సీసా తీసింది. అడుగున గడ్డకట్టిన తేనె. "వాడు ఆఖరిసారి పిండింది. దేవుని గూట్లె దాసిన. ఇన్ని దినాలు మూత గూడ తియ్యలే" అంటూ మూత తిప్పి పెట్టెలో ఒంపబోయింది.

నేను సీసా పట్టుకున్నాను. "గట్ల పొయ్యొద్దత్తమ్మా. వాసనకు పక్క పెట్టెల ఈగలొచ్చి దీన్ని లూటీ జేస్తయి. పిండిల కలుపుదాం."

మామిడి చెట్టు కింద కూర్చుని కలిపాం. ఎండిన ముద్దలు పారేసి, ఇంటి నుంచి తెచ్చిన కొత్త పిండిలో సీసాను ఖాళీ చేశాం. ఆమె గోరుతో సీసా అడుగు గీకింది. పల్చగా తట్టి, గాలికి ఎండిపోకుండా, పిండి పొట్లాలు కట్టి తెచ్చిన నూనె కాగితంలోనే చుట్టి, కింది వైపు చీలికలు పెట్టి ఫ్రేముల మీద పరిచాం. కాగితం సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది, ఆయన చేసేవాడు. చివరి పెట్టె మూసేసరికి అత్తమ్మకు చేతి మీద రెండు చోట్ల కుట్టాయి. ముళ్లు గీకి పారేసి, "పాపం, సచ్చిపోయినయి" అంది. ఆ కొడుక్కి ఆ జాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది.

తర్వాతి వారం పోయి మూత తీశాను. కాగితం మాత్రమే మిగిలింది, అదీ అంచుల వెంట కొరికి ఉంది. కొన్ని పెట్టెల్లో చిన్న ముక్కలున్నాయి, వాటి మీద ఈగలు గుంపుగా వాలి ఉన్నాయి. అది తేనె వాసన వల్ల, నూనె కాగితం వల్ల. నేనైతే అలాగే అనుకుంటాను. అత్తమ్మ ఏమనుకుంటుందో నాకు తెలుసు, మేం ఆ వాదన పెట్టుకోలేదు. తోటలోంచే ఫోన్ చేసి, "ముట్టినయ్" అన్నాను.

ఒకసారి రుచి మరిగాక వట్టి పాకంతో కలిపినా తిన్నాయి. వానలు పడే రోజుల్లో గొడుగు పట్టుకుని పోయి పెట్టి వచ్చాను. ఫ్రేముల మీద పిల్ల గూళ్లు మూతలు పడి బిస్కెట్ రంగులో నిండుతూ వచ్చాయి. అలసట పోలేదు. అది అలాగే ఉంది. కానీ అవి చావాలని అనుకోవడం మానేశాను.

ఒకరోజు నేను పిండి జల్లిస్తుంటే అత్తమ్మే అంది, "గా సేడం ఆయనను పిలువు."

నేను జల్లెడ ఆపాను. "జూసుకుంటనని కొడుకుకు మాటిచ్చినవ్ గద."

"ఇచ్చిన. బిడ్డలను ఎల్లకాలం మన ఇంట్లనే ఉంచుకుంటమా? సాది సవరిచ్చి ఒక అయ్య చేతిల పెడ్తం. అది జూసుకునుడు గాదా?"

ఆయన ఒక శనివారం సాయంత్రం లారీ తెచ్చాడు. ఫ్రేములు ఎత్తి చూసి, "హౌదమ్మా, గిప్పుడు మంచిగున్నయ్" అన్నాడు. చీకటి పడే వేళకు ఈగలన్నీ లోపలికి చేరాక పెట్టెల వాకిళ్లకు జాలీ ముక్కలు కొట్టాడు. ఒక్కో పెట్టె లారీ ఎక్కుతుంటే అత్తమ్మ చేత్తో తడిమింది. మిగిలిన పిండి మొత్తం ముద్ద చేసి తెచ్చింది, డబ్బా ఆయన చేతిలో పెట్టి, "దారి సద్ది" అంది. లారీ మట్టిరోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరం నిలబడ్డాం. తోటలో పెట్టెలున్న చోట నలుచదరంగా పాలిపోయిన గడ్డి మిగిలింది. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను గానీ ఆవలింత వచ్చింది. అత్తమ్మ అది చూసింది.

మర్నాడు నేను లేచేసరికి బాగా పొద్దెక్కింది. కిటికీకి దుప్పటి కట్టి ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. చలికాలం తర్వాత అంత సేపు నిద్రపోవడం అదే మొదటిసారి. గాభరాగా వంటింట్లోకి పోతే అత్తమ్మ పీట వేసుకుని కూర్చుని గంజి వారుస్తోంది. మోకాళ్లు వంగని మనిషి, కుక్కర్ ఎదురుగానే ఉంది. ఇదేందత్తమ్మా అని అడిగాను.

"కుక్కర్ కూత పెడితే లేస్తవని గిన్నెల వండిన" అంది.